తెరపై రోదసీయాత్ర

చలనచిత్రం పుట్టి పట్టుమని పదేళ్ళు నిండకముందే చంద్రమండలానికి ప్రయాణం కట్టింది. 1895 డిసెంబరులో పారిస్ నగరంలో లూమియేర్ సోదరులు కదిలే బొమ్మలను టికెట్టు పెట్టి ప్రజలకు చూపించారు. 1902లో అదే ఫ్రాన్సు దేశంలో జార్జ్ మెలియెస్ 'చంద్రలోక యాత్ర' అనే మూకీ చిత్రాన్ని నిర్మించాడు. మెలియెస్ వృత్తిరీత్యా ఇంద్రజాలికుడు. సుమారు పావుగంట సాగే ఆ చిత్రంలో కొందరు పండితులు పెద్ద ఫిరంగి గుండులో ఎక్కి కూర్చుంటారు. ఫిరంగి పేలుతుంది. గుండు వెళ్ళి చంద్రుడి కంట్లో గుచ్చుకుంటుంది. అక్కడ దిగిన పెద్దమనుషులు తొడుక్కున్న కోట్లతోనే, చేత గొడుగులు పట్టుకొని, మన ఊరి పొలాలలో షికారు చేసినట్లు చంద్రతలంమీద తిరుగుతారు. గాలి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. అడిగే ప్రేక్షకుడు అప్పటికింకా పుట్టలేదు.

ఆ ప్రేక్షకుడు పుట్టడానికి మరొక పాతికేళ్ళు పట్టింది. 1929లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 'చంద్రునిపై వనిత' అనే చిత్రం తీశాడు. దానికి సలహాదారుగా రాకెట్ శాస్త్రంలో ఆద్యులలో ఒకడైన హెర్మన్ ఓబెర్త్‌ను పిలిపించుకున్నాడు. ఇంధనం అయిపోయిన భాగాలను దశలవారీగా వదిలివేస్తూ పైకి పోయే రాకెట్టు ఆ చిత్రంలో ఉన్నది. రాకెట్టు లేచే క్షణానికి ముందు అంకెలను వెనుకనుండి ముందుకు లెక్కపెట్టడమూ ఉన్నది. మూకీ చిత్రం కాబట్టి ఆ అంకెలు తెరమీద అక్షరాలుగా కనిపిస్తాయి. శ్రీహరికోటలో ప్రయోగం జరిగినప్పుడల్లా మనం ఊపిరి బిగబట్టి వినే ఆ విలోమ గణనం అంత పేరు పొందడానికి ఒక సినిమా కారణమంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. అయితే లాంగ్ కూడా పూర్తిగా శాస్త్రానికి కట్టుబడలేదు. చంద్రుడి ఆవలి ముఖంమీద పీల్చుకొనేందుకు గాలి ఉన్నట్లు చూపించి, తన పాత్రల ముఖాలు ప్రేక్షకులకు కనిపించేటట్లు చేసుకున్నాడు.

రోదసీయాత్ర చిత్రాలన్నింటిలోనూ ఈ పెనుగులాట కనిపిస్తుంది. కథకుడు ఒకవైపు లాగుతాడు. ప్రకృతి నియమం మరొకవైపు లాగుతుంది. ఎవరు ఎంతవరకు లొంగాలి?

మన ప్రేక్షకునికి ఆకాశయానం కొత్త కాదు. పౌరాణిక చిత్రాలలో నారదుడు వైకుంఠంలో మాయమై మరుక్షణం భూలోకంలో ప్రత్యక్షమవుతాడు. మేఘాలు నాలుగు కదిలితే చాలు, ప్రయాణం అయిపోయినట్లే. జానపద చిత్రాలలో మాంత్రికుడు మంత్రం చదివితే రాజకుమారి సప్తసముద్రాల ఆవలకు చేరుతుంది. అది తప్పని ఎవరూ అనరు. ఎందుకంటే ఆ కథ మనకు మొదటే ఒక మాట ఇచ్చింది: ఇక్కడ మహిమలు జరుగుతాయి అని. విజ్ఞానకల్పన ఇచ్చే మాట వేరు. ఇది జరగలేదు గాని, జరిగితే ఇలాగే జరుగుతుంది అని అది మనకు హామీ ఇస్తుంది. పదకొండవ శతాబ్దంలో కాశ్మీరదేశపు ఆలంకారికుడు క్షేమేంద్రుడు 'ఔచిత్యవిచారచర్చ' అనే గ్రంథం రచించి, కావ్యానికి ప్రాణం ఔచిత్యమే అన్నాడు. ఎక్కడ ఏది తగునో అక్కడ అది ఉండటమే ఔచిత్యం. నడుముకు కట్టవలసిన ఒడ్డాణాన్ని మెడకు తగిలించుకుంటే అది ఆభరణం కాదు, అపహాస్యం. రోదసీయాత్ర చిత్రానికి ఈ సూత్రం అక్షరాలా వర్తిస్తుంది. హామీ ఇచ్చిన చిత్రం దానిని మరచిపోయిన మరుక్షణం రసం విరిగిపోతుంది.

ఈ దృష్టితో చూస్తే 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' పై సాధారణంగా వేసే నింద న్యాయం కాదనిపిస్తుంది. శూన్యంలో చప్పుళ్ళేమిటి, నౌకలు విమానాలవలె మలుపులు తిరగడమేమిటి అని శాస్త్రం తెలిసినవారు నవ్వుతారు. కాని అందులో చెరలో ఉన్న రాకుమారి ఉన్నది, కత్తియుద్ధమున్నది, అడవిలో తపస్సు చేసుకొనే ముసలి గురువులాంటి వృద్ధ యోధుడు ఉన్నాడు. ఎప్పుడో పూర్వకాలంలో, ఎక్కడో దూరదేశంలో జరిగిన కథ అని అది మొదటే చెప్పుకుంటుంది. అది అచ్చమైన జానపద చిత్రం. గుర్రాలకు బదులు వ్యోమనౌకలు వచ్చాయి, అంతే. తెలుగుతెర కూడా ఇటువంటి కల్పనలను ప్రయత్నించింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' లో కాలయంత్రం ఎక్కించి మనలను శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోయాడు. 2018లో సంకల్ప్ రెడ్డి 'అంతరిక్షం' లో కథను ఉపగ్రహాల వరకు, చంద్రుని వరకు నడిపించాడు. ఇక్కడ మనం చర్చించే చిత్రాలు చంద్రుణ్ణి దాటి పోయేవి. చంద్రుడు మనకు పొరుగింటివాడు. అసలు ప్రయాణం ఆ తరువాతనే మొదలవుతుంది.

ఎంత దూరం ఆ ప్రయాణం? చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. క్షణానికి మూడు లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతికి అది ఒకటింబావు సెకను పని. సూర్యునినుండి కాంతి మనకు చేరడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు పడుతుంది. సూర్యుని తరువాత మనకు అత్యంత సమీపంలో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. అక్కడినుండి కాంతి రావడానికి నాలుగేళ్ళకు పైగా పడుతుంది. ఒక కాంతిసంవత్సరం అంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. ఈ అంకెలు చదివితే నోరు తిరుగుతుంది గాని మనసుకు ఎక్కవు. అందుకని ఒక ఉదాహరణ చూద్దాం. 1977 సెప్టెంబరు 5న అమెరికా ప్రయోగించిన వాయేజర్-1 నౌక 2012 ఆగస్టులో సూర్యుని ప్రభావమండలాన్ని దాటి నక్షత్రాంతర రోదసిలో అడుగుపెట్టింది. మానవుడు చేసిన వస్తువులలో మనకు అన్నింటికంటె దూరంగా పోయినది అదే. ఇప్పటికి అది 2,400 కోట్ల కిలోమీటర్లకు మించి ప్రయాణించింది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగం దానిది. ఆ వేగంతో ప్రాక్సిమా సెంటారీ అంత దూరం పోవాలంటే సుమారు 75 వేల సంవత్సరాలు కావాలి. మనిషి వ్యవసాయం నేర్చి పన్నెండు వేల ఏళ్ళు కావచ్చు. ఇక లెక్క మీరే వేసుకోవచ్చు.

వాయేజర్‌లో బంగారుపూత పూసిన ఒక గ్రామఫోను రికార్డు ఉన్నది. ఎప్పుడో ఎవరికో దొరికితే భూలోకవాసుల గొంతు వినిపించాలని దానిని పంపారు. అందులో 55 భాషల పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగమూ అందులోనే ఉన్నది. ఆ రికార్డును కూర్చిన సంఘానికి అధ్యక్షుడు కార్ల్ సాగన్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు. అతని పేరు మళ్ళీ వస్తుంది.

దూరం అంటే ఆలస్యం కూడా. 2013 నవంబరు 5న శ్రీహరికోటనుండి బయలుదేరిన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. ఆనాడు నౌకనుండి సంకేతం భూమికి చేరడానికి సుమారు 12 నిమిషాలు పట్టింది. అంటే ఇంజను మండకపోతే ఆ సంగతి మనకు తెలిసేటప్పటికే ఆలస్యమై ఉండేది. అందుకే ఆజ్ఞలన్నీ ముందుగానే నౌకకు పంపి దాచి ఉంచారు. పైగా ఇంజను మండుతుండగా నౌక అంగారకుని వెనుకకు పోయి, సంకేతం తెగిపోయింది. బెంగుళూరులోని శాస్త్రజ్ఞులు చేయగలిగింది ఎదురుచూడటమే. ఏ చిత్రకథకుడు ఇంతకంటె ఉత్కంఠభరితమైన సన్నివేశం కల్పించగలడు? సమర్థుడైన దర్శకుడు ఈ ఆలస్యాన్ని అడ్డంకిగా భావించడు. అతనికి అది ముడిసరుకు.

అయినా కథ కదలాలంటే నాయకుడు గమ్యం చేరాలి గదా! 75 వేల సంవత్సరాలు రెండున్నర గంటలలో ఎలా ఇమడ్చాలి? దీనికి చిత్రకథకులు కొన్ని దారులు తొక్కారు. అన్నింటిలోనూ సుళువైనది నియమాన్నే పక్కకు నెట్టడం. 'స్టార్ ట్రెక్' కథలలోని నౌక కాంతిని మించిన వేగంతో పోతుంది. అలా పోనిదే వారానికొక లోకం చూపించడం సాధ్యం కాదు. 1966లో మొదలైన ఆ టెలివిజన్ ధారావాహికకు అది అవసరం. ఆ కథల నుండే 1979లో వచ్చిన మొదటి వెండితెర చిత్రంలో ఒక చక్కని ఊహ ఉన్నది. వాయేజర్ తెగకు చెందిన ఒక కల్పిత నౌక కొన్ని వందల ఏళ్ళ తరువాత మహాశక్తిగా మారి, తనను పుట్టించినవారిని వెదుక్కుంటూ తిరిగివస్తుంది. వాయేజర్లు బయలుదేరిన రెండేళ్ళకే ఇటువంటి ఊహ రావడం ముచ్చటగా ఉన్నది.

రెండవ దారి నిద్ర. యాత్రికులను శీతలపేటికలలో ఏళ్ళతరబడి నిద్రపుచ్చి, గమ్యం చేరినప్పుడు లేపడం. భాగవతంలో ముచుకుందుని కథ చదివినవారికి ఇది వెంటనే స్ఫురిస్తుంది. దేవతల పక్షాన యుద్ధం చేసిన ముచుకుందుడు పని ముగిసి చూసుకొనేటప్పటికి అతని భార్యాబిడ్డలు, మంత్రులు, ప్రజలు కాలగర్భంలో కలిసిపోయారు. ఇక వెనక్కి పోవలసిన ఇల్లు లేనివాడు ఏ వరం కోరుకుంటాడు? నిద్ర కోరుకున్నాడు. గుహలో పడుకొని మరొక యుగంలో కళ్ళు తెరిచాడు. 2016లో వచ్చిన 'పాసింజర్స్' చిత్రంలో 120 ఏళ్ళ ప్రయాణానికి బయలుదేరిన నౌకలో ఒక యంత్రకారుడు యంత్రలోపంవల్ల 90 ఏళ్ళ ముందే మేల్కొంటాడు. తిరిగి నిద్రపోయే ఉపాయం లేదు. ఒంటరితనం భరించలేక, నిద్రిస్తున్న ఒక స్త్రీని తానే మేల్కొలుపుతాడు. అంటే ఆమె జీవితాన్ని కాజేస్తాడు. బీజం అమోఘమైనది. ఆ నేరాన్ని చివరలో సాహసకృత్యాలతో కడిగివేయాలని చూడటంతో చిత్రం చెడింది.

మూడవ దారి అడ్డదారి. దీనికి శాస్త్రజ్ఞులు వార్మ్‌హోల్ అని పేరు పెట్టారు. ఆరు గజాల చీరను దండెంమీద పొడవునా ఆరవేశారనుకోండి. ఈ చెంగునుండి ఆ చెంగుకు చీమ నడిచిపోవాలంటే చాలాసేపు పడుతుంది. అదే చీరను మడతపెట్టి రెండు చెంగులు కలిపి సూదితో గుచ్చితే, ఆ రంధ్రంగుండా చీమ ఒక్క అడుగులో దాటిపోతుంది. రోదసి కూడా అలా వంగగలదని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతున్నది. గుచ్చే సూది మాత్రం ఎవరి దగ్గరా లేదు. కార్ల్ సాగన్ 1985లో 'కాంటాక్ట్' అనే నవల ప్రచురించాడు. రాస్తున్న కాలంలో తన నాయికను దూరనక్షత్రానికి పంపే ఉపాయం చెప్పమని భౌతికశాస్త్రజ్ఞుడైన కిప్ థార్న్‌ను అడిగాడు. సాగన్ మొదట అనుకున్నది కృష్ణబిలం. అందులో పడినవారు బయటపడరని, వార్మ్‌హోల్ అయితే మేలని థార్న్ సూచించాడు. అంతటితో ఊరుకోక ఆ ప్రశ్నను తన శిష్యునితో కలిసి సీరియస్‌గా పరిశోధించి 1988లో శాస్త్రపత్రిక ప్రకటించాడు. నవలాకారుడు అడిగిన సందేహం శాస్త్రపరిశోధనకు కారణమైన అరుదైన సందర్భమిది. 1997లో 'కాంటాక్ట్' చలనచిత్రంగా వచ్చింది. దానిని చూడకుండానే సాగన్ 1996 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ చిత్రంలో వేగా నక్షత్రం నుండి భూమికి అందే సందేశంలో దాగి ఉన్న దృశ్యం ఏమిటో తెలుసా? 1936 బెర్లిన్ ఒలింపిక్స్ టెలివిజన్ ప్రసారం. మనం ఆకాశంలోకి వదిలిన తరంగం అక్కడికి చేరడానికి ఇరవై ఆరేళ్ళు, తిరిగి రావడానికి ఇరవై ఆరేళ్ళు. దూరాన్ని ఇంత పొదుపుగా కథలో పొదిగిన చిత్రాలు తక్కువ.

ఈ తరగతిలో తలమానికమని విమర్శకులు చాలామంది అంగీకరించే చిత్రం స్టాన్లీ కూబ్రిక్ నిర్మించిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. 1968 ఏప్రిల్‌లో అది విడుదలయింది. అప్పటికి మనిషి చంద్రునిపై కాలు పెట్టలేదు. రచయిత ఆర్థర్ క్లార్క్, కూబ్రిక్ కలిసి కథ అల్లుకున్నారు. మొదటి ఆటలు చూసి కొందరు విసుగుతో లేచిపోయారు. కూబ్రిక్ సుమారు 19 నిమిషాలు కత్తిరించాడు. అయినా మొదటి పాతిక నిమిషాల సేపు ఒక్క మాట వినిపించదు. ఈనాటి విద్యార్థులకు కూడా ఇది ఓపికను పరీక్షించే చిత్రమే. ఆ ఓపికకు ప్రతిఫలం ఉన్నది.

రోదసిలో బరువు ఉండదు. మరి బృహస్పతి వైపు నెలలతరబడి ప్రయాణించే వ్యోమగాములు నౌకలో ఎలా నడుస్తారు? నీళ్ళు నింపిన చెంబుకు తాడుకట్టి గిరగిర తిప్పండి. చెంబు తలక్రిందులైనా నీళ్ళు ఒలకవు. అవి చెంబు అడుగును అంటిపెట్టుకొని ఉంటాయి. నౌకలో ఒక పెద్ద చక్రం తిరుగుతుంటే దాని లోపలి అంచుమీద నిలబడిన మనిషి కూడా అలాగే అంటిపెట్టుకొని ఉంటాడు. అతనికి అదే నేల. కూబ్రిక్ ఈ చక్రాన్ని బొమ్మగీసి సరిపెట్టలేదు. 38 అడుగుల వ్యాసంతో నిజంగానే కట్టించి తిప్పించాడు. నటుడు అడుగుభాగంలో ఉన్నచోటనే పరుగెత్తుతుంటాడు, గది అతని చుట్టూ తిరుగుతుంటుంది. తెరమీద మాత్రం అతడు గోడలెక్కి, కప్పుమీదుగా పరుగెత్తి తిరిగివచ్చినట్లు కనిపిస్తుంది. ఒక భౌతికశాస్త్ర పాఠం ఇంత అందంగా కంటికి కట్టడం మరెక్కడా చూడలేదు.

రెండవది నిశ్శబ్దం. శబ్దం ప్రయాణించడానికి గాలివంటి మాధ్యమం కావాలి. రోదసిలో అది లేదు. హాల్ అనే కంప్యూటరు ఒక వ్యోమగామిని చంపే ఘట్టంలో మనకు కేక వినిపించదు. అప్పటిదాకా చెవిలో మోగుతున్న అతని ఊపిరి చప్పుడు ఆగిపోతుంది. బయట చిక్కుకున్న రెండవ వ్యోమగామి శిరస్త్రాణం లేకుండా తలుపు పేల్చుకొని నౌకలోకి దూకుతాడు. ఆ పేలుడుకూ శబ్దం లేదు. తలుపు మూసుకొని గదిలోకి గాలి నిండిన తరువాతనే చప్పుడు మొదలవుతుంది. భయానకరసానికి నగారాలు అక్కరలేదని ఈ దృశ్యం చూసినవారికి తెలుస్తుంది. నియమాన్ని పాటించడంవల్ల రసం తగ్గకపోగా రెట్టింపయింది.

మూడవది ఆలస్యం. నౌకలోనివారితో టెలివిజన్‌వారు జరిపిన సంభాషణ ఒకటి చిత్రంలో ఉన్నది. మాట అక్కడికి చేరడానికి ఏడు నిమిషాలు పట్టిందనీ, ఆ విరామాలను తొలగించి ప్రసారం చేస్తున్నామనీ వ్యాఖ్యాత చెబుతాడు. ఒక్క వాక్యం! దానితో కథాసౌలభ్యమూ దక్కింది, సత్యమూ దక్కింది. ఆ తరువాత ఒక వ్యోమగామికి తల్లిదండ్రులు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపుతారు. అతడు వెల్లకిలా పడుకొని, ముఖంలో ఏ భావమూ లేకుండా ఆ దృశ్యాన్ని చూస్తాడు. బదులు చెప్పినా అది వెంటనే వినిపించదు. కూబ్రిక్ మనుషులలో ఆర్ద్రత లేదని కొందరు ఆక్షేపిస్తారు. అది దూరం చేసిన పని అని నా అభిప్రాయం. ఈ దృశ్యాన్ని గుర్తుంచుకోండి.

1972లో సోవియట్ దర్శకుడు ఆంద్రే తార్కోవ్‌స్కీ 'సొలారిస్' తీశాడు. పోలెండు రచయిత స్తనిస్లావ్ లెమ్ 1961లో రాసిన నవల దానికి మూలం. ఒక దూరగ్రహాన్ని కప్పి ఉన్న సముద్రానికి చైతన్యమున్నది. దానిని పరిశీలించడానికి వెళ్ళిన మనస్తత్త్వశాస్త్రజ్ఞునికి, ఎప్పుడో మరణించిన అతని భార్యనే ఆ సముద్రం ఎదుట నిలబెడుతుంది. లోకాంతరాలు వెదకబోయి మనిషి తన పశ్చాత్తాపాన్ని తానే కలుసుకుంటాడు. తార్కోవ్‌స్కీకి యంత్రాలమీద ఆసక్తి లేదు. చిత్రారంభంలో నీటిలో ఊగే నాచు, వర్షం, గుర్రం, తండ్రిగారి ఇల్లు చూపుతూ చాలాసేపు భూమిమీదనే నిలుస్తాడు. ఇది మూలరచయితకు నచ్చలేదు. గ్రహం గురించి రాసిన నవలను ఇంటిబెంగ గురించిన చిత్రంగా మార్చాడని ఆయన బాధ. బాధ న్యాయమైనదే గాని, ఇంటినుండి అంతదూరం పోయినవానికి ఇంటిబెంగ తప్ప వేరే వస్తువేమున్నది?

2014లో క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ఇంటర్‌స్టెల్లార్' ఆ ఇంటిబెంగకు లెక్క కట్టింది. పంటలు నశించి భూమి నివాసయోగ్యం కాకుండా పోతున్న కాలం. కూపర్ అనే మాజీ చోదకుడు పదేళ్ళ కూతురిని, కొడుకును ఇంట వదిలి, శనిగ్రహం దగ్గర తెరుచుకున్న వార్మ్‌హోల్‌గుండా మరొక లోకం వెదకడానికి పోతాడు. సాగన్‌కు సలహా చెప్పిన కిప్ థార్న్ ఈ చిత్రానికీ శాస్త్రసలహాదారు. నిరూపితమైన ప్రకృతి నియమాలను చిత్రం ఉల్లంఘించరాదని ఆయన మొదటే షరతు పెట్టాడు. ఒక దశలో ఒక పాత్ర కాంతిని మించి ప్రయాణించాలని నోలన్ పట్టుబడితే, వద్దని నచ్చజెప్పడానికి థార్న్‌కు రెండు వారాలు పట్టిందట.

గురుత్వాకర్షణ ఎక్కువగా ఉన్నచోట కాలం నెమ్మదిగా నడుస్తుందని సాపేక్షతా సిద్ధాంతం చెబుతున్నది. ఇది ఊహ కాదు. మన చేతిఫోనుకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి ఎత్తున ఉన్నందువల్లా, వేగంగా తిరుగుతున్నందువల్లా, వాటి గడియారాలు మన గడియారాలకంటె రోజుకు మొత్తంమీద 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సవరించకపోతే ఫోను మనలను పొరుగూరికి చేరుస్తుంది. మహాకృష్ణబిలం చెంతకు పోతే ఈ తేడా ఊహకందనంత పెరుగుతుంది. చిత్రంలో పదికోట్ల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలం ఉన్నది. దాని సమీపంలోని గ్రహంమీద ఒక గంట గడిస్తే భూమిమీద ఏడేళ్ళు గడుస్తాయి. అంటే సుమారు అరవై ఒక్క వేల రెట్లు. అంత తేడా కావాలని కోరినవాడు నోలన్. సాధ్యం కాదనుకున్న థార్న్ లెక్క వేసి చూసి, కృష్ణబిలం దాదాపు గరిష్ఠవేగంతో తన చుట్టూ తాను తిరుగుతుంటే సాధ్యమేనని తేల్చాడు.

మన సాహిత్యంలో దీనికి దగ్గరి కథ ఉన్నది. కుశస్థలిని పాలించిన రైవతుడు తన కుమార్తె రేవతికి తగిన వరుణ్ణి చెప్పమని బ్రహ్మలోకానికి పోయాడు. అక్కడ గానసభ జరుగుతున్నది. ముగిసేదాకా కాసేపు ఆగాడు. తరువాత విన్నవించుకుంటే బ్రహ్మ నవ్వి, నీవు మనసులో అనుకున్న వరులు ఎవరూ ఇప్పుడు లేరు, ఈలోగా భూలోకంలో ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి అన్నాడు. భాగవతం నవమస్కంధంలోని ఈ కథ చూపి మన పూర్వులకు సాపేక్షతా సిద్ధాంతం తెలుసునని వాదించేవారున్నారు. ఆ వాదం రెంటికీ అన్యాయం చేస్తుంది. పురాణకర్త లెక్క వేయలేదు. వేయవలసిన అవసరం ఆయనకు లేదు. లోకానికొక కాలమానం ఉంటుందన్న కవిహృదయం ఆయనది. ఐన్‌స్టీన్ ఎంత ఉంటుందో సమీకరణంతో చూపించాడు. పైగా కథ నడిచిన తీరు కూడా వేరు. రైవతుని నష్టం రెండు మాటలలో ముగిసి, రేవతీబలరాముల కల్యాణంలో కలిసిపోతుంది. శుభాంతమే దాని ఔచిత్యం. నోలన్ ఆ నష్టం దగ్గరనే ఆగాడు.

ఆ గ్రహంమీద మహాతరంగంలో చిక్కుకొని కూపర్ బృందం ఒక సహచరుణ్ణి, కొన్ని గంటలను పోగొట్టుకుంటుంది. తిరిగి నౌకకు వస్తే, అక్కడ వారికోసం వేచి ఉన్న శాస్త్రజ్ఞుని జుట్టు నెరిసి ఉంటుంది. అతడు ఒక్కడే ఇరవై మూడేళ్ళు గడిపాడు. కూపర్ తెరముందు కూర్చుని ఇన్నేళ్ళుగా ఇంటినుండి వచ్చిన సందేశాలు తెరుస్తాడు. కొడుకు పెద్దవాడవుతాడు, పెళ్ళి చేసుకుంటాడు, బిడ్డను చూపిస్తాడు, ఆ బిడ్డ పోయిందంటాడు. ఇక ఎదురుచూడలేనంటాడు. అప్పుడు, ఇంతకాలం మాట్లాడని కూతురు తెరమీదకు వస్తుంది. నీవు వెళ్ళిననాటి నీ వయసు నాకు ఈరోజు వచ్చింది అని చెబుతుంది. తండ్రి వెక్కి వెక్కి ఏడుస్తాడు. కూబ్రిక్ చిత్రంలో పుట్టినరోజు సందేశాన్ని నిర్వికారంగా చూసిన వ్యోమగామిని ఇక్కడ తలచుకోండి. ఒకే దూరం ఒకరిని రాయిగా చేసింది, మరొకరిని కరిగించింది. ఈ ఘట్టంలో ప్రతినాయకుడు లేడు. ఎవరూ ఎవరికీ ద్రోహం చేయలేదు. కాలం తన నియమాన్ని తాను పాటించింది. కరుణరసం పుట్టింది. ఈ నియమాన్ని చిత్రకారుడు కాస్త సడలించి ఉంటే ఆ కన్నీళ్ళకు అర్థం ఉండేది కాదు.

ఇదే చిత్రం చివరిభాగంలో కూపర్ కృష్ణబిలంలో పడి కూడా, తన కూతురి గదిలోని పుస్తకాల అలమర వెనుకకు చేరి కాలాన్ని దాటి ఆమెకు సంకేతాలు పంపుతాడు. ప్రేమయే కాలాన్ని దాటగలదని ఒక పాత్రచేత చెప్పించారు కూడా. నాకు ఇది మొదట ఇచ్చిన హామీనుండి జారిపోవడంగానే కనిపిస్తుంది. కృష్ణబిలం లోపల ఏమున్నదో శాస్త్రానికి తెలియదు కనుక అక్కడ కల్పనకు చోటుందని చిత్రాన్ని మెచ్చుకొనేవారి సమాధానం. తరగతిలో ఈ మాట ఎత్తితే విద్యార్థులు రెండు పక్షాలుగా చీలిపోవడం ఖాయం.

కృష్ణబిలం రూపాన్ని గీయడానికి మాత్రం ఏ కల్పననూ ఆశ్రయించలేదు. థార్న్ సమీకరణాలు ఇచ్చాడు. లండనులోని 'డబుల్ నెగటివ్' సంస్థ కళాకారులు వాటిని కంప్యూటరుకు అప్పగించారు. కృష్ణబిలం చుట్టూ తిరిగే వెలుగుల పళ్ళెం వెనుకభాగం కూడా, కాంతి వంగడంవల్ల పైకి లేచి, నల్లని గుండ్రం చుట్టూ కాంతివలయంలా కనిపించింది. ఆ పనిమీద 2015లో శాస్త్రపత్రిక కూడా వెలువడింది. ఒక్కచోట నోలన్ సడలింపు కోరాడు. లెక్క ప్రకారం పళ్ళెంలో మనవైపు దూసుకువచ్చే పక్క మిక్కిలి ప్రకాశవంతంగాను, దూరంగా పోయే పక్క వెలవెలబోయినట్లుగాను ఉండాలి. అలా చూపిస్తే ప్రేక్షకుడు తికమకపడతాడని భావించి రెండు పక్కలనూ సమానంగా వెలిగించారు. 2017లో గురుత్వతరంగాలను కనుగొన్నందుకు థార్న్‌కు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో, భూమిమీద పలుచోట్ల ఉన్న రేడియో దూరదర్శినులను జతపరచి, 5.5 కోట్ల కాంతిసంవత్సరాల దూరంలో, 650 కోట్ల సూర్యుల ద్రవ్యరాశితో ఉన్న ఒక కృష్ణబిలం తొలి చిత్రాన్ని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మధ్య నలుపు, చుట్టూ నారింజరంగు వలయం. ఆ వలయం అంతటా ఒకేలా లేదు. క్రిందిభాగం పైభాగంకంటె బాగా వెలుగుతున్నది. తికమక కలుగుతుందని చిత్రంలో వదిలివేసిన ఆ తేడాయే నిజమైన చిత్రంలో మొట్టమొదట కంటికి కనబడుతుంది.